పసిరిక పాముకు పేరు పెట్టినవాళ్ళు

వెనక గోడకు ఆనుకొని నిలబడ్డ పిల్లలు ముందుకు వచ్చి కింద కూర్చోండి. మాస్టారు ఉంటే ఉపన్యాసం కన్నా ముందు ఈ మాట అనేవారు.

మాస్టారి జ్ఞాపకార్థం ఈ ఉపన్యాసాల ధర్మనిధి ఏర్పాటు చేసిన ఆయన కుటుంబం నన్ను ఒక్కటే కోరింది. ఆయన పేరు ఎత్తకుండా మాట్లాడమని. బతికున్న రోజుల్లో తన పేరు గోడ మీదా శిలాఫలకం మీదా చూసుకోవడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. గంటసేపు పేర్ల గురించే మాట్లాడబోయే నాకు ఆ కోరిక మొదట ఇబ్బందిగా తోచింది. తర్వాత ఆలోచిస్తే, మనలో ఎవరమూ ఆయన్ని పేరు పెట్టి పిలవలేదు కదా అనిపించింది. మాస్టారు అనే అన్నాం. ఈ రోజూ అలాగే అందాం.

నిన్న విశాఖలో కొత్తవలస–కిరండూల్ మార్గం రైలెక్కి, అరకు సొరంగాలు దాటి సాయంత్రానికి బస్తర్‌లోని ఈ జగదల్‌పూర్‌లో దిగాను. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి వేసిన దారి అది. అదే దారిలో మాస్టారు ఒక ట్రంకుపెట్టెతో వచ్చి, బడిలో జీవశాస్త్రం చెప్పి, ఇక్కడే ఉండిపోయారు. ఆదివారం వస్తే సైకిల్ తీసి పల్లెల మీదికి వెళ్ళేవారు. వెనక క్యారియర్‌కు ఒక పొడుగు ఖాతాపుస్తకం కట్టి ఉండేది. కొట్టువాళ్ళు పద్దులు రాసుకునే ఎర్ర అట్ట పుస్తకం. అందులో ఆయన పాముల పద్దు రాసేవారు. తేదీ, చోటు, ఏ చెట్టు, ఏ వేళ, ఏం చేస్తూ ఉంది, ఎవరు చూపించారు, ఏమని పిలిచారు. ఆ చివరి గడిని మళ్ళీ హల్బీ, గోండీ, ధుర్వీ, దోర్లీ, ఒడియా, తెలుగు అని చీల్చారు. అన్నిటికీ అవతల శాస్త్రీయ నామం. జనం చెప్పిన పేరు ఇంకుతో రాసేవారు, శాస్త్రం చెప్పిన పేరు పెన్సిల్‌తో.

ఎందుకలా అని ఒకసారి అడిగాను. "శాస్త్రం పేరు దిద్దుకుంటుంది నాయనా, చెరిపేందుకు వీలుండాలి. వీళ్ళు చూసింది చూసిందే, దాన్ని నేను చెరపకూడదు" అన్నారు.

ఆ ఇంకూ ఆ పెన్సిలే ఈ రోజు నా విషయం. పామును చూసి పేరు పెట్టిన పల్లెటూరి మనిషి, పొలుసులు లెక్కపెట్టి పేరు పెట్టిన శాస్త్రవేత్త ఒకే పని చేశారని నా వాదన. ఒకరు చూసింది ఇంకొకరికి అందనప్పుడు ఇద్దరి పనీ సగంలో ఆగుతుంది. బస్తర్ లాంటి చోట ఆ నష్టం కొన్నిసార్లు ప్రాణాలదాకా వెళుతుంది. ఇది ఒక్క పామును పట్టుకొని చెబుతాను.

1. ముందు పామును చూద్దాం

మా ఊళ్ళో మా నాయనమ్మ దొండపాదు దగ్గర కాయలు కోస్తూ చెయ్యి గాల్లోనే ఆపేసింది. "కదలకు, పసిరిక" అంది. నాకు ఆకులూ తీగలూ తప్ప ఏమీ కనపడలేదు. ఆమె చూపుడువేలు ఎటు తిరిగి ఉందో అటే చూస్తూ నిలబడ్డాను. గాలి వచ్చింది. తీగలన్నీ ఊగాయి, గాలి ఆగగానే ఆగాయి. ఒక్క కాడ మాత్రం ఇంకా కొంచెం ఊగింది. ఆ కాడకు ఒక కన్ను ఉంది.

చిటికెన వేలంత లావు, మీటరుకు పైన పొడవు, లేత ఆకుపచ్చ, ముందుకు సాగిన మూతి. మీరు ఎప్పుడైనా దాన్ని దగ్గరగా చూస్తే ముందు కన్ను చూడండి. నాగుపాముది గుండ్రటి కంటిపాప, రక్తపింజరిది నిలువు చీలిక. పసిరికది అడ్డంగా పడుకున్న పాప, తాళంచెవి దూరే రంధ్రం ఆకారంలో ఉంటుంది. కంటి ముందు నుంచి మూతి కొసదాకా ఇరువైపులా ఒక గాడి ఉంటుంది. ఆ గాడి వెంట రెండు కళ్ళూ ఒకే చోటికి సూటిగా చూస్తాయి. రెండు కళ్ళ చూపు ఒక బిందువు మీద కలిస్తేనే దూరం అంచనా దొరుకుతుంది. కొమ్మ చివర కూర్చున్న బల్లి ఎన్ని బెత్తెల అవతల ఉందో దీనికి తెలిసేది అలాగే. పగటిపూట వేటాడుతుంది. బల్లులు, తొండలు, కప్పలు, చిన్న పిట్టలు తింటుంది. బెదిరిస్తే ఒళ్ళు ఉబ్బిస్తుంది. అప్పుడు పచ్చ పొలుసుల సందుల్లోంచి నలుపు తెలుపు గళ్ళు బయటపడతాయి, ఆకులాంటి జీవం ఒక్కసారిగా ఇంకేదో అయిపోతుంది. గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది. లండన్ జంతుప్రదర్శనశాలలో 1885 ఆగస్టు నుంచి ఒంటరిగా ఉంచిన ఒక ఆడపాము 1888 ఆగస్టులో ఈనింది. వీర్యాన్ని అంతకాలం లోపల దాచుకోగలదేమోనని దీన్నిబట్టి ఊహించారు.

విషం ఉందా అంటే ఉంది. కోరలు నోటి వెనక భాగాన ఉంటాయి. బల్లిని నోట కరుచుకొని నమిలితేనే అది లోపలికి ఎక్కుతుంది. మనిషికి కాస్త వాపు, మంట, తిమ్మిరి రావచ్చు. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి, అయిదో భాగంలో మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

పాముల్లో అతి పెద్ద కుటుంబం కొలుబ్రిడే. మన జెర్రిపోతు కూడా అందులోదే. ఆ పెద్ద ఇంట్లో ఒక వాటా పేరు అహేతుల్లినే. చెట్ల మీద బతకడానికి సన్నబడ్డ ఉష్ణమండలపు పాములు ఇవి. అయిదు ప్రజాతులు. పసిరిక ఉండే అహేతుల్లా, వీపు కంచు రంగులో మెరిసే డెండ్రెలాఫిస్, ఎగిరే పాములని పేరుపడ్డ క్రైసోపీలియా, ఆగ్నేయాసియాలో ఉండే డ్రయోఫియోప్స్, దక్షిణ పశ్చిమ కనుమల్లో అగస్త్యమలై మీద మాత్రమే దొరికిన ప్రొఅహేతుల్లా. ఈ చివరిది 2019లో శాస్త్రానికి పరిచయమైంది. దాని వంశం తక్కిన తీగపాముల నుంచి సుమారు 2.6 కోట్ల ఏళ్ళ కిందట వేరుపడిందని లెక్క. అంటే మన దొండపాదు మీది పసిరికకు ఒక ముత్తవ్వ వరస చుట్టం ఇంకా బతికే ఉందన్నమాట.

ఈ అన్నదమ్ములందరికీ ఎదురైన చిక్కు ఒక్కటే, కొమ్మకూ కొమ్మకూ మధ్య ఖాళీ. పసిరిక తన ఒంట్లో పెద్ద భాగాన్ని కర్రలా బిగించి ఆ ఖాళీలోకి చాస్తుంది. కంచువీపుది ఒంపు తిరిగి దూకుతుంది. ఎగిరే పాము పక్కటెముకలు విప్పార్చి ఒళ్ళు బద్దలా పరిచి, గాల్లోనే ఈదుతున్నట్టు మెలికలు తిరుగుతూ కిందికి జారుతుంది. ఆ మెలికలు జారుడును నిలకడగా ఉంచుతాయని అమెరికాలో జేక్ సోచా బృందం 2020లో చూపించింది. పల్లెల్లో 'పాము ఎగిరింది' అంటే నవ్వి కొట్టిపారేసే చదువుకున్నవాళ్ళను చాలామందిని చూశాను. చూసినవాడు చూసిందే చెప్పాడు.

2. విశాఖలో రాసుకున్న పేర్లు

ఇప్పుడు మిమ్మల్ని 18వ శతాబ్దపు విశాఖకు తీసుకెళ్తాను. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు అంతకుముందు సిరియాలోని అలెప్పోలో పనిచేసి, 1780లలో తమ్ముడి వెంట విశాఖపట్నం వచ్చాడు. 1785లో ఈస్టిండియా కంపెనీ ఆయన్ని ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా నియమించింది. పాముకాటుతో జనం చనిపోతున్నారు, ఏది విషపాము ఏది కాదో గుర్తుపట్టే దారి కావాలి. రస్సెల్ పాముల్ని తెప్పించి, బొమ్మలు గీయించి, కోరలు చూసి, జంతువుల మీద పరీక్షలు చేసి, 1796లో కోరమాండల్ తీరపు పాముల మీద పెద్ద పుస్తకం తెచ్చాడు.

ఆ పుస్తకం నా చేతికి వచ్చిన రోజు నాకు బొమ్మల కన్నా బొమ్మల పక్కనున్న పేర్లు ఎక్కువ పట్టుకున్నాయి. చాలావరకు తెలుగు పేర్లు. ఇంగ్లిష్ అక్షరాల్లో, స్కాట్లండ్ చెవికి వినపడ్డట్టు. పైకి చదివితే విశాఖ పల్లె గొంతు వినిపించింది. పస్సెరికి పామ్. జెర్రి పోటూ. పెద్ద పొడ. బొద్రూ పామ్. బుంగారుమ్ పామా. కటుక రేకుల పొడ.

కాటుక రేకుల పొడ. ఇది రక్తపింజరి. పిల్లలారా, దాని ఫొటో ఎక్కడైనా చూడండి. వీపు మీద వరసగా కోలగా ఉండే మచ్చలు, ఒక్కో మచ్చ అంచున నల్లటి గీత. ఆ మచ్చను పూరేకుగానూ ఆ అంచును కాటుకగానూ చూసిన మనిషి ఎవరో గానీ, ప్రాణం తీసే పామును అంత దగ్గరగా, అంత నిదానంగా చూశారు. 'పొడ' అంటే మచ్చ. కొండచిలువ పెద్దపొడ. ఇది కాటుకరేకుల పొడ. చివరి మాట ఇంటిపేరు, ముందు మాట సొంతపేరు. జీవులకు రెండు మాటల పేర్లు పెట్టేందుకు లిన్నేయస్ లాటిన్‌లో స్థిరపరిచిన పద్ధతికీ దీనికీ ఎంత పోలిక ఉందో చూడండి.

ఆ పామును ఇప్పుడు ప్రపంచమంతా రస్సెల్ పాము అంటుంది. ఆయన దానికి తగినవాడే, నాకు అభ్యంతరం లేదు. ఆ పేరు ఆయన చెవిన వేసిన వాళ్ళను మాత్రం ఏ సభలోనూ తలుచుకోవడం లేదు. ఈ సభలో తలుచుకుందాం.

వాళ్ళ మాట ఒకటి మాత్రం లాటిన్‌లోకి వెళ్ళి కూర్చుంది. నలుపు పసుపు పట్టీల పామును వాళ్ళు బంగారు పాము అన్నారు. రస్సెల్ రాసుకున్న ఆ పేరు నుంచే 1803లో ఫ్రాన్స్‌లో దొదేన్ ఒక ప్రజాతికి బుంగారస్ అని పేరు పెట్టాడు. కట్లపాములన్నీ ఈ రోజు ఆ ప్రజాతిలోనివే. చైనాలోనైనా ఇండోనేషియాలోనైనా కట్లపాము మీద పరిశోధన రాసేవాడు మొదటి మాటగా రాసేది ఒక తెలుగు మాట.

పసిరికకు ఆ భాగ్యం దక్కలేదు. దాని ప్రజాతి పేరు అహేతుల్లా సింహళం నుంచి వచ్చింది.

3. పెన్సిల్ గీత చెరిపిన ఏళ్ళు

మాస్టారి పుస్తకంలో పసిరికకు ఎదురుగా పెన్సిల్‌తో 'అహేతుల్లా నసూటా' అని ఉంటుంది. నసూటా అంటే పొడుగు ముక్కుది. 18వ శతాబ్దపు చివరి నుంచి ఉన్న పేరు. రెండు వందల ఏళ్ళకు పైగా శ్రీలంక నుంచి మన దేశపు మైదానాలదాకా ఆకుపచ్చ తీగపాము ఏది కనపడినా దాదాపు ఈ పేరే రాశారు. నేనూ రాశాను, పరీక్షల్లో మార్కులూ తెచ్చుకున్నాను.

2020లో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన అశోక్ కుమార్ మల్లిక్, కార్తీక్ శంకర్, వాళ్ళ సహచరులు ఈ లెక్క తిరగదోడారు. కొండ కొండకూ తిరిగి పాముల్ని చూశారు, పొలుసులు లెక్కపెట్టారు, జన్యువులు పోల్చారు. మనం ఒకటనుకున్నది ఒకటి కాదని తేలింది. నసూటా అనే పేరు శ్రీలంక పాముకే మిగిలింది. పశ్చిమ కనుమల్లో అదే పేరుతో చలామణి అయినవి నాలుగు వేర్వేరు జాతులు. మన వైపు మైదానాల్లో, ఎండు అడవుల్లో ఉండే పెద్ద పసిరికకు థామస్ బెల్ 1825లో పెట్టి, తర్వాత అందరూ మూలన పడేసిన 'ఆక్సీరింకా' అనే పేరు తిరిగి వచ్చింది. వాడిమూతిది అని అర్థం. విశాఖ దొండపాదు మీద మా నాయనమ్మ చూపించింది ఇన్నాళ్ళూ నసూటా అయి, ఇప్పుడు ఆక్సీరింకా అయింది. ఆమె పెట్టిన పసిరిక మాత్రం పసిరికగానే ఉంది.

ఇక్కడ నేను ఇంకు వైపు మొగ్గుతున్నానని మీకు అనిపించవచ్చు. అందుకే ఈ మాట గట్టిగా చెప్పాలి. పసిరిక అనే మాటకు ఈ ఆరు జాతుల తేడా తెలియదు. కోనసీమ మనిషి కొడగు కొండ మీద పచ్చటి తీగపామును చూస్తే పసిరికే అంటాడు. ఆ కొండ పాము ఆ కొండ మీద తప్ప ఎక్కడా బతకదనీ, ఆ అడవి పోతే అదీ పోతుందనీ చెప్పగలిగేది పెన్సిలే. ఇంకు ఒక చోటును లోతుగా చూస్తుంది. ఎన్నో చోట్లను పక్కపక్కన పెట్టి చూసే పని పెన్సిల్‌ది.

ఆ రెండూ కలిసిన సందర్భం మనకు పొరుగునే ఉంది. జగదల్‌పూర్ నుంచి తూర్పుకు కొద్ది దూరం పోతే ఒడిశా వచ్చేస్తుంది. అక్కడ పల్లెల్లో తీగపామును లావుడంకియా అంటారు, సొరతీగ కాడను తలపించే మాట. 2019లో దీపక్, సూర్యనారాయణన్, సుశీల్ దత్తా, ప్రత్యూష్ మహాపాత్ర తదితరులు ఒడిశా అడవుల గోధుమరంగు తీగపాము వేరే జాతి అని నిరూపించారు. అంతకుముందు దాన్ని ఇంకో గోధుమరంగు తీగపాముతో కలిపేసేవారు. కొత్త జాతికి పేరు కావలసి వచ్చినప్పుడు వాళ్ళు ఏ దొర పేరూ వెతకలేదు. అహేతుల్లా లావుడంకియా అన్నారు. బుంగారస్‌కు 216 ఏళ్ళ తర్వాత, ఈసారి తెలిసే, గౌరవంతో, పల్లె మాట శాస్త్రంలోకి వెళ్ళింది. పొలానికి పోయే ఒడియా రైతు ఈ రోజు ఆ పాము శాస్త్రీయ నామంలో సగం ఏ బడికీ పోకుండానే పలకగలడు.

తెలుగు నేల మీదా చూడండి. శ్రీలంకలో మాత్రమే ఉంటుందని అనుకున్న ఎగిరే పాము, క్రైసోపీలియా టాప్రొబానికా, మన శేషాచలం కొండల్లో ఉందని 2015లో ప్రకటించారు. చామల అడవుల్లో. తిరుమలకు నడిచి వెళ్ళే లక్షల మందికి ఇంత దగ్గరలో. సముద్రానికి ఇవతల ఎవరూ దాని కోసం వెతకలేదు, ఉండదనే నమ్మారు కాబట్టి.

బస్తర్ సంగతి ఇంకా పెద్దది. ఉత్తరం నుంచి దిగివచ్చే సాలవృక్షాల అడవి, దక్షిణం నుంచి ఎక్కివచ్చే టేకు అడవి కాంగేర్ లోయలో కలుసుకుంటాయి. 1982లో జాతీయోద్యానం చేసిన ఆ లోయ సుమారు 200 చదరపు కిలోమీటర్లు. తూర్పున లావుడంకియా రాజ్యం, దక్షిణాన ఆక్సీరింకా రాజ్యం. రెండు అడవులు కలిసేచోట రెండు పాములూ కలుస్తాయా అన్నది ఒక యువ పరిశోధకుడు జీవితం పెట్టదగ్గ ప్రశ్న. ముందు వరసలో కూర్చున్న మీలో ఎవరైనా దాన్ని ఎత్తుకోవాలని నా ఆశ.

4. ఒక మాట, నాలుగు భాషలు

ఇది నా తప్పు ఒకటి ఒప్పుకునే భాగం.

చాలా ఏళ్ళ కిందట మాస్టారి వెంట ఒక గోండు పల్లెకు వెళ్ళాను. ఒక పెద్దాయన ఇప్పచెట్టు వైపు చెయ్యి చూపి 'తరాస్' అన్నాడు. నాకు తెలుగు త్రాచు వినిపించింది. సంతోషంగా 'నాగుపాము, ఇప్పచెట్టు మీద, పట్టపగలు' అని రాసుకున్నాను. మాస్టారు నా కాగితం చూసి ఏమీ అనకుండా నన్ను చెట్టు కిందికి తీసుకెళ్ళి నిలబెట్టారు. కొమ్మ చివర పసిరిక ఉంది.

గోండీలో తరాస్ అంటే పాము, ఏ పామైనా. తెలుగు త్రాచు దానికి చుట్టమే. అరకు, కోరాపుట్ కొండల్లో మాట్లాడే కువిలో రాచు అంటారు, అదీ పామే. బరో, ఎమెనో తయారుచేసిన ద్రావిడ నిరుక్త నిఘంటువులో ఈ మాటలన్నీ ఒక్క కుదురు కింద కనిపిస్తాయి. గోండులకు పాములన్నిటికీ చెందిన మాట మనకు ఒక్క పడగపాము దగ్గర ఆగింది. మనం పాములన్నిటికీ వాడే 'పాము' అనే మాట సంగతి ఇంకోటి. కాంగేర్ లోయ చుట్టూ ఉండే ధుర్వా వారి భాష ధుర్వీ, దానికే పర్జీ అని ఇంకో పేరు. బరో, భట్టాచార్య 1953లో ఆ భాష మీద పుస్తకం తెచ్చారు. పర్జీలో పామును బామ్ అంటారు. ఆ పల్లెల నుంచి వచ్చిన ధుర్వా పెద్దలు తల ఊపుతున్నారు. తెలుగువాళ్ళు ఈ మాటకు బంధుత్వం కలుపుకోవడానికి నిఘంటువు కూడా అక్కర్లేదు.

బస్తర్‌లో తెలుగు నిన్న మొన్న రైలెక్కి వచ్చింది కాదు. కొంటా దగ్గర శబరి ఒడ్డున, భోపాల్‌పట్నం వైపు ఇంద్రావతి గోదావరిలో కలిసేచోట తెలుగు ఇంటి భాష. దోర్లా వారి మాటలో తెలుగూ కోయా కలిసి ప్రవహిస్తాయి. బారసూర్‌లో 11వ శతాబ్దపు తెలుగు శాసనం దొరికింది. కాకతీయ ప్రతాపరుద్రుడి తమ్ముడిగా చెప్పుకునే అన్నమదేవుడు ఓరుగల్లు పడిపోయాక ఇక్కడికే వచ్చాడు. అంతకుముందు చక్రకోటమని పేరున్న ఈ ప్రాంతాన్ని ఏలినవాళ్ళు ఛిందక నాగులు, భోగవతీ పురానికి ప్రభువులమని చెప్పుకున్నవాళ్ళు. పాతాళంలో నాగుల రాజధాని భోగవతి. పామును కులదైవంగా తలకెత్తుకున్న నేల ఇది.

ఇన్ని భాషలు ఒక్క సంతలో కలిసే చోట అనువాదం తప్పితే ఏమవుతుందో నా కాగితం చెబుతోంది. తరాస్‌ను త్రాచుగా రాసినవాడు ఒక జిల్లా జాబితాలో చెట్టెక్కే నాగుపాముల్ని పుట్టిస్తాడు. ఆస్పత్రిలో కాటు వివరం అడిగే నర్సుకు గోండీ రాకపోతే పసిరిక కాటు నాగు కాటుగా నమోదవుతుంది, లేదా అంతకన్నా ప్రమాదంగా, నాగు కాటు 'ఏదో పాము' అవుతుంది. పాఠశాలల్లో పిల్లలు అన్నిటికీ హిందీలో 'సాంప్' అనడం మొదలుపెట్టాక ఈ తేడాలు ఇంట్లో ముసలివాళ్ళ దగ్గర మాత్రమే మిగులుతున్నాయి.

5. కన్ను పొడిచే పాము

అహేతుల్లా అన్న సింహళ మాటకు అర్థం కన్ను పొడిచేది. తమిళంలోనూ దీన్ని కన్‌కొత్తి పాంబు అంటారు. మన పల్లెల్లోనూ ఆ భయం ఉంది. పసిరిక కనపడగానే కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకునే ఆడవాళ్ళను తునికాకు కోసే రోజుల్లో నేను ఇక్కడే చూశాను.

ఈ నమ్మకాన్ని మూఢమని తోసెయ్యడం నాకు ఇష్టం లేదు, అది ఎక్కడ పుట్టిందో చూద్దాం. పసిరిక ఉండేది పొదల్లో, పాదుల్లో, చిన్న చెట్ల అంచుల్లో. అంటే వంగిన మనిషి ముఖం ఎత్తున. తల ముందుకు చాచి కదలకుండా ఉంటుంది. ఆకు కోసే మనిషి కొమ్మను లాగితే దానికి ఎదురుగా వచ్చేది చెయ్యి కాదు, ముఖం. ముఖంలో కదిలేవి కళ్ళు. కదిలేదాని మీదికే దూకే వేట దానిది. కాబట్టి ఆ పేరు పెట్టినవాళ్ళు జరిగినదే చూసి ఉంటారు. చూసినదానికి వాళ్ళు కలిపిన 'పగతో కన్నే వెతుకుతుంది' అన్న వ్యాఖ్యానం మాత్రం తప్పు. ఈ రెంటినీ విడదీయడం మాస్టారి దగ్గర నేర్చుకున్నాను. ముందు ఏం చూశావు అని అడిగేవారు, తర్వాతే ఏమనుకున్నావు అని అడిగేవారు.

ఇప్పుడు మొదటి భాగంలో గుర్తుపెట్టుకోమన్న వాక్యం దగ్గరికి వద్దాం. పసిరిక కాటుకు వాపు, మంట, కాసేపటికి తగ్గుతుంది.

ఊరి పేరు చెప్పను. తునికాకు కోతల్లో ఒక కుర్రాడి బొటనవేలును పసిరిక కరిచింది. సిరహా దగ్గరికి మోసుకెళ్ళారు. సిరహా అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, దేవత ఒంటి మీదికి వచ్చి మాట్లాడే పూజారి, ఊరికి వైద్యుడు కూడా. వేరు నూరి కట్టాడు, మంత్రం వేశాడు. సాయంత్రానికి కుర్రాడు లేచి తిరిగాడు. ఊరంతా చూసింది. ఆ సిరహా మోసగాడు కాడు, తాను నయం చేశాననే అతనూ నమ్మాడు. ఎందుకు నమ్మడు? కరవడం అందరూ చూశారు, బతకడం అందరూ చూశారు.

ఆ ఏడు వానాకాలంలోనే అదే ఊళ్ళో నేల మీద పడుకున్న ఒక ఆడపిల్లను రాత్రి ఏదో కరిచింది. చీమ అనుకుంది. వాపు లేదు, నొప్పి లేదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంది, రెప్పలు వాలిపోయాయి, మాట ముద్దగా వచ్చింది. కుర్రాడిని బతికించిన చోటికే తీసుకెళ్ళారు. ఆ పిల్ల బతకలేదు. అది కట్లపాము.

మాస్టారు వారం తర్వాత ఆ ఊరు వెళ్ళారు. ఆ తల్లి ముందు కూర్చున్నారు, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత సిరహా ఇంటికి వెళ్ళి పుస్తకం తెరిచారు. తప్పుపట్టడానికి వెళ్ళలేదు. నీకు ఎన్ని పాములు తెలుసు, ఒక్కోటి కరిస్తే ఏమవుతుంది, చెప్పు రాసుకుంటాను అన్నారు. సిరహా పేర్లు చెప్పాడు, ఒక్కో పేరుకు లక్షణాలు చెప్పాడు. కట్లపాము దగ్గరికి వచ్చేసరికి అతనే ఆగాడు. "ఇది కరిస్తే నా చేతిలో ఎవరూ బతకలేదు" అన్నాడు. ఆ వాక్యం ఇంకుతో పుస్తకంలో ఉంది. ఆ రోజు నుంచి అతను పసిరిక, జెర్రిపోతు, నీటిపాము కాటుకు ధైర్యం చెప్పి పంపేవాడు. నాగు, కట్ల, రక్తపింజరి అని అనుమానం వచ్చినా, ఏది కరిచిందో తెలియకపోయినా, ముందు ఆస్పత్రికి అనేవాడు. ఊరికి ఒక్క జీపు ఉంటే ఆ జీపును సిరహాయే పిలిపించేవాడు.

2000 నుంచి 2019 వరకు మన దేశంలో ఏటా సగటున 58,000 మంది పాముకాటుతో చనిపోయారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది. ఇరవై ఏళ్ళలో దాదాపు 12 లక్షల మంది. ఎక్కువమంది పల్లెల్లోనే, ఇళ్ళ దగ్గరే. మన ఆస్పత్రుల్లో ఇచ్చే విషహర మందు నాలుగు పాములకు పనిచేస్తుంది: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. మందు ఉంది. మందుకూ మనిషికీ మధ్య దారిలో ఎన్నో ఉన్నాయి, వాటిలో ఒకటి పేరు. ప్రాణం తీయని పాముల కాటు నయమైన ప్రతిసారీ మంత్రం మీద నమ్మకం పెరుగుతుంది, ఆ నమ్మకం కట్లపాము కరిచిన రాత్రి ఆస్పత్రికి బయల్దేరే గంటను మింగేస్తుంది. పసిరికను పసిరికగా గుర్తుపట్టగలిగిన ఊరికే, ఆ కుర్రాడు దేనివల్ల బతికాడో అర్థమవుతుంది.

పసిరికను గుర్తుపట్టడం దాన్నీ కాపాడుతుంది. బస్తర్ దారుల పక్కన కర్రదెబ్బలకు చచ్చి పడి ఉన్న తీగపాముల్ని నేను చాలా చూశాను. కన్ను పొడుస్తుందన్న భయంతో కొట్టినవే ఎక్కువ.

6. ఖాళీ గడి

నాకిచ్చిన సమయం అయిపోవచ్చింది. చెప్పవలసింది ఇంకొంచెం ఉంది.

మాస్టారి కుటుంబం ఆ ఖాతాపుస్తకాన్ని ఈ రోజు కోసం నాకు అప్పిచ్చింది. నిన్న రాత్రి వసతిగృహంలో పసిరిక పేజీ తీశాను. మొదటి పద్దు ఆయన ఇక్కడికి వచ్చిన రెండో నెలలోది: తీరథ్‌గఢ్ జలపాతం దారి, పొద్దున తొమ్మిది, వెదురు పొద, తొండను పట్టి తలవైపు నుంచి మింగుతూ. తెలుగు గడిలో పసిరిక అని గుండ్రటి అక్షరాలు. ఒడియా గడిలో లావుడంకియా. గోండీ గడిలో తరాస్ అని రాసి, దాని పక్కన చిన్నగా 'ఇది అన్నిటికీ, దీని సొంత పేరు అడగాలి' అని ఉంది. శాస్త్రీయ నామం గడిలో పెన్సిల్‌తో నసూటా. నేను దాన్ని చెరపలేదు. కింద పెన్సిల్‌తోనే ఆక్సీరింకా అని రాసి, పక్కన 2020 అని వేశాను. మాస్టారు ఉంటే తానే ఆ పని చేసి ఉండేవారు.

ధుర్వీ గడి ఖాళీగా ఉంది. ఆ పేజీలోనే కాదు, తర్వాతి పద్దుల్లోనూ. ప్రతిసారీ ఆయన ఆ గడికి చోటు వదిలారు, ప్రతిసారీ అది అలాగే ఉండిపోయింది. చివరి పద్దులో ఆయన చెయ్యి వణికినట్టుంది, గీతలు వంకరగా పడ్డాయి. ఆ వంకర గీతల మధ్యన కూడా ధుర్వీకి ఒక గడి కట్టి వదిలారు.

ధుర్వా పెద్దలు పొద్దున్నుంచి ఇక్కడే ఉన్నారు. మీ ఊళ్ళలో ఆ పచ్చటి తీగలాంటి బామ్‌ను మీ అవ్వ ఏమనేది, మీ పిల్లలకు మీరు ఏమని చూపిస్తారు, ఏ పొద మీద ఎక్కువ కనపడుతుంది, ఇవి నాకు చెప్పండి. బయట వరండాలో, టీ ఇస్తున్న బల్ల పక్కన పుస్తకం తెరిచి పెట్టాను. రాయడం వచ్చినవాళ్ళు రాయండి, రానివాళ్ళు చెబితే పిల్లలు రాస్తారు. పక్కన పెన్ను ఉంది. ఇంకు నింపే తెచ్చాను.